దూరవిద్య మన బడికి తోడు కావాలి, బదులు కాదు

(ఆదివాసీ విద్యార్థి, యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకు ఇచ్చిన అంశం దూరవిద్య. ఈ మాట వినగానే మనోళ్లలో రెండు రకాల మాటలు వస్తాయి. ఒకటి, "ఓపెన్ డిగ్రీనా? అది కూడా ఒక డిగ్రీయేనా?" అని. రెండోది, "అన్ని పాఠాలూ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి కదా, ఇంక బడి దేనికి?" అని. మొదటి మాట మనోళ్లే మనోళ్లను చిన్నచూపు చూసే మాట. దాన్ని నమ్మితే చదువు ఆగిపోయిన అక్కలకు, అన్నలకు ఉన్న ఒక్క తలుపూ మూసుకుపోతుంది. రెండో మాట పైనుంచి వస్తున్న మాట. దాన్ని నమ్మితే మన గూడెం బడికి తాళం పడుతుంది. రెండూ ప్రమాదమే. అందుకే దూరవిద్య ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అనేది మనమే తేల్చుకోవాలి.

ముందు మంచి సంగతి మాట్లాడుకుందాం.

మన దేశంలో పోస్టు ద్వారా డిగ్రీ చదువు 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో మొదలైంది. బ్రిటన్‌లో 1969లో ఓపెన్ యూనివర్సిటీ వచ్చింది. మన దేశంలో పుట్టిన మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఎక్కడిదో తెలుసా? మన హైదరాబాద్‌దే. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టుకుంది. దాని తొలి వైస్ చాన్సలర్ జి. రాంరెడ్డి గారే, 1985లో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. ఇంటర్ చదవనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారిని ఆ రోజుల్లోనే తెరిచారు. ఇది చిన్న విషయం కాదు. కాలేజీ గేటు దగ్గర "నీ దగ్గర ఏ కాగితం ఉంది?" అని అడిగే దేశంలో "నువ్వు చదవగలవా, అయితే రా" అన్న మాట అది.

ఈ దారిలో నడిచినవాళ్లలో గొప్పవాళ్లున్నారు. నెల్సన్ మండేలాను కాలేజీ నుంచి పంపేస్తే ఆయన దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం, అంటే యూనిసా ద్వారా బీఏ పూర్తి చేశారు. తర్వాత జైల్లో ఉండి చదివి, 1989లో అదే యూనిసా నుంచి లా పట్టా తీసుకున్నారు. జైలు గోడ లోపలికి కూడా వెళ్లగలిగే చదువు ఇది. మరి మన ఏజెన్సీలోకి రాలేదా? వస్తుంది. వచ్చింది కూడా.

మన దగ్గర ఓపెన్‌లో చదివేది ఎవరు? పెళ్లయ్యి చదువు ఆగిన అక్క. అంగన్‌వాడీలో, ఆశా వర్కర్‌గా పని చేస్తూ ప్రమోషన్ కోసం పదో తరగతి కట్టే అమ్మ. నాన్న పోతే పోడు పని మీద వేసుకుని తొమ్మిదిలో బడి మానేసిన తమ్ముడు. హోంగార్డుగా చేస్తూ డిగ్రీ రాసే అన్న. వీళ్లను మళ్లీ హాస్టల్‌కు పొమ్మంటే పోగలరా? తునికాకు సీజన్‌లో పొద్దున ఆకు కోసి, సాయంత్రం కట్టలు కట్టి, రాత్రికి పుస్తకం తీసే మనిషికి ఓపెన్ స్కూల్, ఓపెన్ డిగ్రీ తప్ప ఇంకో దారి లేదు. వాళ్లను చూసి "అది డిగ్రీయేనా" అనే హక్కు ఎవరికీ లేదు. చట్టం ప్రకారం కూడా లేదు. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం దూరవిద్యలో ఇచ్చిన డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2020 నిబంధనల్లోనే ఉంది, 2022లో మళ్లీ స్పష్టం చేశారు. ఇంటర్వ్యూలో ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే ఈ మాట చెప్పండి.

ఇంకో మంచి సంగతి మన భాషలది. వందేళ్లు మన భాషలకు అచ్చు లేదన్నారు, పుస్తకం లేదన్నారు. గొంతుతో నడిచే సాంకేతికతకు అచ్చుతో పని లేదు. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర చూడండి. మామూలు బటన్ ఫోన్ నుంచి కాల్ చేసి గోండిలో తమ ఊరి సమస్య చెప్పొచ్చు, వేరే ఊరివాళ్లు చెప్పింది వినొచ్చు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, చదవడం రావాల్సిన పని లేదు. ఆదిలాబాద్ గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే కంప్యూటర్‌లో, ఫోన్‌లో మన లిపికి చోటు దొరికింది. చోటైతే దొరికింది, అందులో పాఠాలు ఎవరు పెట్టాలి? అది తర్వాత చెప్తా.

ఇప్పుడు హద్దుల గురించి.

దూరవిద్య గొప్పదనం చెప్పేవాళ్లు మనల్ని అడగకుండానే మన మీద ఒక పెద్ద పరీక్ష పెట్టారు. అదే కరోనా కాలం. 2020 మార్చిలో బళ్లు మూశారు. ఆశ్రమ పాఠశాలల పిల్లల్ని పెట్టెలతో సహా ఇళ్లకు పంపారు. తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. ఆంధ్రలో దూరదర్శన్ సప్తగిరిలో వచ్చాయి. టీవీ ఎవరింట్లో ఉంది? ఉన్నా కరెంటు ఎప్పుడు ఉంది? సిగ్నల్ కోసం చెట్టెక్కిన పిల్లల ఫొటోలు పేపర్లో వస్తే "ఎంత పట్టుదల" అని మెచ్చుకున్నారు. అది పట్టుదల ఎలా అవుతుంది? పిల్లవాడు చదువు కోసం చెట్టెక్కాల్సి రావడం ప్రభుత్వం సిగ్గుపడాల్సిన విషయం.

అంకెలు కూడా చూద్దాం. కరోనాకు ముందే, 2017-18లో జాతీయ నమూనా సర్వే ఏం చెప్పింది? గ్రామీణ భారతంలో కంప్యూటర్ ఉన్న ఇళ్లు 4.4 శాతం. ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న ఇళ్లు దాదాపు 15 శాతం. ఈ లెక్క ప్రభుత్వం దగ్గరే ఉంది. ఇది చేతిలో పెట్టుకుని ఆన్‌లైన్ క్లాసులు అన్నారు. 2021 ఆగస్టులో జ్యాఁ ద్రేజ్ లాంటి వాళ్లు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేద వాడలకు వెళ్లి దాదాపు 1,400 మంది పిల్లల పరిస్థితి అడిగారు. గ్రామాల్లో క్రమంగా ఆన్‌లైన్‌లో చదువుతున్నవాళ్లు 8 శాతం. అసలేమీ చదవనివాళ్లు 37 శాతం. గ్రామాల్లోని దళిత, ఆదివాసీ పిల్లల్ని విడిగా చూస్తే ఆన్‌లైన్‌లో క్రమంగా చదివేవాళ్లు 4 శాతమే. వందలో నలుగురు! ప్రపంచం మొత్తం మీద కనీసం 46 కోట్ల 30 లక్షల మంది పిల్లలకు దూరవిద్య అందలేదని యూనిసెఫ్ 2020 ఆగస్టులో చెప్పింది. అంటే ఇది మన ఒక్కరి సమస్య కాదు. ఆఫ్రికాలో, లాటిన్ అమెరికాలో, మన పక్క రాష్ట్రాల్లో మనలాంటి వాళ్లందరి సమస్య.

కొందరు అంటారు, "ఇప్పుడు టవర్లు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి, ఆ రోజులు పోయాయి" అని. సరే, టవర్ వచ్చిందనే అనుకుందాం. పాఠం పిల్లకు చేరిందా?

ఒకటో తరగతిలో కూర్చున్న గోండు పిల్లను తీసుకోండి. గోండిలో నీళ్లను యేర్ అంటారు. తెలుగు పాఠంలో ఏరు అంటే వాగు. మాట దగ్గర దగ్గరగా వినిపిస్తుంది, అర్థం వేరు. ఎదురుగా టీచర్ ఉంటే, ఆ టీచర్‌కు గోండి వస్తే, పిల్ల ముఖం చూసి ఎక్కడ తికమక పడిందో పట్టుకుంటుంది. టీవీ పట్టుకోలేదు. యాప్ పట్టుకోలేదు. పిల్లకు అర్థమైనా కాకపోయినా వీడియో ముందుకు పోతూనే ఉంటుంది. ఒక కిలోమీటరు దూరాన్ని సిగ్నల్ దాటుతుందేమో గానీ, ఇంటి భాషకూ బడి భాషకూ మధ్య ఉన్న దూరాన్ని దాటించేది మనిషే.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. కొమురం భీం పోరాటం తర్వాత, 1940ల్లో హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు విద్యా పథకం మొదలుపెట్టినప్పుడు ముందు చేసిన పని ఏంటి? గోండు యువకులనే తీసుకుని టీచర్లుగా తయారు చేశారు. గోండిలో వాచకాలు రాయించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 తర్వాతి ఏళ్లలో గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో మాతృభాషా బోధన మొదలైనప్పుడూ ఆధారం స్థానిక ఉపాధ్యాయులే. పుస్తకం ఉన్నా, ఆ భాష తెలిసిన మనిషి లేనిచోట ఆ పుస్తకం బీరువాలోనే ఉండిపోయింది.

ఆ మనిషి గురించే ఇప్పుడు గట్టిగా మాట్లాడాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అని 2000 జనవరి 10న జీవో నంబర్ 3 వచ్చింది. ఆ జీవోతోనే మన గూడేల్లో మన భాష మాట్లాడే టీచర్లు వచ్చారు. దాన్ని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ల నియామకాలను షరతులతో కాపాడింది గానీ, ముందుకు పోయే దారి మూసేసింది. తేదీ గుర్తు పెట్టుకోండి. లాక్‌డౌన్ మధ్యలో, మనం రోడ్డెక్కలేని రోజుల్లో. అదే ఏడాది ఒకవైపు మన టీచర్ హక్కు పోయింది, ఇంకోవైపు మన పిల్లల ముందుకు టీవీ వచ్చింది. ఈ రెండూ ఎవరో కూర్చుని కలిపి చేశారని నేను అనడం లేదు. కానీ మన గూడెంలో నిలబడి చూస్తే రెండూ కలిసి ఒకే పని చేశాయి. పిల్లకూ మాస్టారుకూ మధ్య దూరం పెంచాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇతర దేశాల అనుభవం కూడా ఇదే చెప్తోంది. కొలంబియాలో 1947లో సుతతెన్సా అనే పల్లెలో ఒక క్యాథలిక్ ఫాదర్ రేడియో బడి మొదలుపెట్టారు. రైతు కుటుంబాలు రేడియో చుట్టూ కూర్చుని చదవడం, రాయడం నేర్చుకున్నాయి. అది నడిచింది రేడియో ఒక్కదానితో కాదు. ప్రతి గుంపు దగ్గర ఆ ఊరి మనిషే ఒక సహాయకుడు ఉండి, రేడియోలో చెప్పింది బోర్డు మీద రాసి చూపించాడు. మెక్సికోలో 1968 నుంచి టెలిసెకుందారియా నడుస్తోంది. హైస్కూల్ పెట్టడానికి పిల్లలు సరిపోరు అనుకున్న చిన్న పల్లెల్లో టీవీ పాఠాలతో బడి పెట్టారు. గమనించండి, అక్కడ బడి మూసి టీవీ పెట్టలేదు. బడి లేనిచోట బడి పెట్టి, అందులో టీవీతో పాటు ఒక టీచర్‌ను కూడా పెట్టారు.

ఇప్పుడు మనిషి లేని దూరవిద్య సంగతి చూడండి. హార్వర్డ్, ఎంఐటీ ప్రపంచమంతటికీ ఆన్‌లైన్ కోర్సులు తెరిచాయి. ఆ కోర్సుల లెక్కలతో 2019లో సైన్స్ పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. 2017-18లో చేరినవాళ్లలో పూర్తి చేసింది 3 శాతం చిల్లర. చేరినవాళ్లలో ఎక్కువమంది కూడా బాగా ఉన్న దేశాలవాళ్లే. తలుపు తెరిచి పెట్టినంత మాత్రాన అందరూ లోపలికి రాలేరు. చేయి పట్టుకుని నడిపించే మనిషి ఉండాలి.

మన దేశం కూడా ఈ ప్రయోగం చేసి చూసింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపారు. దాని పేరు సైట్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది, తెలుగులో కూడా పాఠాలు వచ్చాయి. ప్రపంచమంతా మెచ్చుకుంది. ఏడాది కాగానే ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకున్నారు. 2004లో చదువు కోసమే ఎడ్యుశాట్‌ను శ్రీహరికోట నుంచి పంపారు. దాని ఆయుష్షు కూడా అయిపోయింది. పథకాలు వస్తాయి, పోతాయి. గూడెంలో బడి, బళ్లో టీచర్ ఉంటే మాత్రం తరం తర్వాత తరం చదువుతుంది.

ఇంకో హద్దు ఉంది, మన యువత తప్పకుండా తెలుసుకోవాల్సింది. మన ఏజెన్సీకి ఎక్కువగా కావాల్సింది ఎవరు? నర్సులు, ఫార్మసిస్టులు, వ్యవసాయ అధికారులు, లాయర్లు. నర్సింగ్, ఫార్మసీ, వ్యవసాయం, న్యాయశాస్త్రం, ఇంజనీరింగ్, వైద్యం ఇవేవీ దూరవిద్యలో ఇవ్వకూడదని యూజీసీ నిబంధన. అది సరైన నిబంధనే. సూది వేయడం వీడియో చూసి నేర్చుకుంటే పేషెంట్ గతి ఏంటి? కానీ దీని అర్థం ఏంటంటే, మనల్ని దూరవిద్యకే వదిలేస్తే మన పిల్లలు బీఏ, బీకాం దగ్గరే ఆగిపోతారు. మన ఆసుపత్రిలో నర్సు, మన కోర్టులో లాయరు ఎప్పటికీ బయటివాళ్లే అవుతారు.

మోసాలు కూడా ఉన్నాయి. "చేరితే చాలు, పాస్ గ్యారంటీ" అని సంతలో పాంప్లెట్లు పంచేవాళ్లు ఉన్నారు. పరీక్షకు ఇంత అని వసూలు చేసేవాళ్లు ఉన్నారు. అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ పట్టాలపై 2017 నవంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2001-05 మధ్య చేరినవాళ్ల పట్టాలు నిలిపేసి మళ్లీ పరీక్ష రాయమంది, ఆ తర్వాత చేరినవాళ్లవి రద్దయ్యాయి. నష్టపోయింది ఎవరు? డబ్బు కట్టి చదివిన పిల్లలు. అందుకే చేరేముందు మూడు పనులు చేయండి. ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో చూడండి. రాష్ట్ర యూనివర్సిటీ అయితే మన రాష్ట్రంలో సెంటర్ నడిపే అధికారం దానికి ఉందో అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ ఏజెంట్ చేతికీ ఇవ్వకండి, ఫీజుకు రసీదు లేకుండా రూపాయి కట్టకండి.

ఇప్పుడు అసలు ప్రమాదం. 2011 జనాభా లెక్కల్లో దేశం అక్షరాస్యత 73 శాతం అయితే ఆదివాసులది 59 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆదివాసులది సగం కూడా లేదు, దాదాపు 49 శాతం. ఇంత వెనక ఉన్నప్పుడు మనకు ఎక్కువ బళ్లు, ఎక్కువ టీచర్లు కావాలి. కానీ మనం వింటున్న మాట ఏంటి? పిల్లలు తక్కువ, బడి విలీనం చేద్దాం. ఇంకోవైపు 2020 జాతీయ విద్యా విధానం 3, 5, 8 తరగతులకు సమానమైన ఓపెన్ స్కూల్ కోర్సుల గురించి మాట్లాడుతోంది. పదిహేనేళ్లు దాటిన తమ్ముడికి ఓపెన్ స్కూల్ ఒక అవకాశం. ఎనిమిదేళ్ల పిల్లకు ఓపెన్ స్కూల్ అంటే బడి ఇవ్వం అని మర్యాదగా చెప్పడమే. విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల ప్రతి బిడ్డకూ దగ్గర్లో బడి ఉండాలని అందులో ఉంది. నమూనా నియమాల ప్రకారం ఐదో తరగతి వరకు ఒక కిలోమీటరు లోపల, ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపల. ఈ హక్కును ట్యాబ్‌తో మార్చుకోవడానికి మనం ఒప్పుకోం.

కాబట్టి మన డిమాండ్లు ఇవి:

1. దూరవిద్య పేరుతో, డిజిటల్ పేరుతో షెడ్యూల్డ్ ప్రాంతంలో ఒక్క బడి కూడా మూయొద్దు. మూయాలన్నా, కలపాలన్నా ముందు గ్రామసభ ముందుకు రావాలి.

2. జీవో 3 స్థానంలో, కోర్టులో నిలబడేలా, ఐదో షెడ్యూల్ వెలుగులో చట్టం తేవాలి. మన భాష వచ్చిన టీచర్ మన పిల్లల హక్కు.

3. ప్రతి ఏజెన్సీ మండలంలో ఓపెన్ యూనివర్సిటీ స్టడీ సెంటర్, పరీక్షా కేంద్రం ఉండాలి. కొత్త బిల్డింగ్ అడగట్లేదు. ఆదివారం ఆశ్రమ పాఠశాల గదులు ఇవ్వండి. చదువుకుని ఖాళీగా ఉన్న మన యువతను కౌన్సెలర్లుగా, ట్యూటర్లుగా జీతం ఇచ్చి పెట్టండి.

4. పాఠాలు మన భాషల్లో ఆడియోగా కావాలి. నెట్ లేకపోయినా నడిచేలా మెమరీ కార్డులో, రేడియోలో, బటన్ ఫోన్‌లో. వాటిని తయారు చేసేది మన టీచర్లు, మన పెద్దలే కావాలి. ఆ పనికి ఐటీడీఏ నిధులివ్వాలి.

5. రెగ్యులర్ విద్యార్థికి ఉన్నట్టే ఓపెన్‌లో చదివే ఆదివాసీ విద్యార్థికి కూడా ఫీజు సాయం, పుస్తకాలు, పరీక్షలకు పోయిరావడానికి బస్ పాస్ ఇవ్వాలి.

6. నర్సింగ్, ఫార్మసీ, వ్యవసాయం, న్యాయవిద్య కాలేజీలు ఏజెన్సీలోనే పెట్టాలి. ఇవి దూరవిద్యలో దొరకవు కాబట్టి దూరాన్ని ప్రభుత్వమే తగ్గించాలి.

ప్రభుత్వం చేసేవరకు మనం ఊరుకోవాలా? వద్దు. ఈ సభ నుంచి పోయేటప్పుడు ప్రతి ఒక్కరూ ఒక పని తీసుకుపోండి. మీ గూడెంలో టెన్త్ ఆగినవాళ్లు, ఇంటర్ ఆగినవాళ్లు, డిగ్రీ ఫీజు కట్టి పరీక్ష రాయనివాళ్లు ఎవరెవరో పేర్లు రాయండి. వాళ్లలో ఒక్కరి దగ్గర మీరు కూర్చోండి. దరఖాస్తు నింపడం, టీసీ తెప్పించడం, హాల్ టికెట్ తీయడం, అసైన్‌మెంట్ రాయించడం ఇవన్నీ మనకు చిన్న పనులు. ఆ అక్కకు అవే కొండలు. కొలంబియా రేడియో పక్కన కూర్చున్న ఆ ఊరి సహాయకుడిలా మన గూడెంలో మనమే కూర్చోవాలి.

అలాగే వచ్చే గ్రామసభలో మీ ఊరి బడి గురించి తీర్మానం పెట్టండి. ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు, అందులో మన భాష వచ్చినవాళ్లు ఎంతమంది అని రాయించండి. పెసా చట్టం వచ్చి 1996 నుంచి ఇన్నేళ్లయింది. ఆ కాగితానికి ప్రాణం పోసేది మన సంతకాలే.

ఫోన్ మనకు శత్రువు కాదు. రేడియో, టీవీ, యాప్ ఏవీ శత్రువులు కావు. అవి మన టీచర్ చేతిలో ఉంటే పనిముట్లు. టీచర్ కుర్చీలో అవి కూర్చుంటేనే మనకు గొడవ. జల్, జంగల్, జమీన్ అడిగినట్టే బడిని కూడా అడుగుదాం.

జై ఆదివాసీ!